గాటు వాలిన వైపు

ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రామును ముందేసుకుని, ఇది ఎక్కడ తప్పటడుగు వేస్తుందా అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కెలుకుతూ ఉంటాను. ఇరవై ఏళ్లుగా అదే పని కావడంతో ఆ గుణం ఇంటికి కూడా అంటుకుంది. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి మా ఆయన గొడుగు మడిచే తీరు దాకా నా కంట పడని తప్పు లేదు. నా తప్పు ఎవరైనా ఎత్తి చూపితే మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. ఎందుకంటే నేను చెప్పబోయేది నా తప్పు పట్టుకున్న ఒకావిడ గురించి.

రక్తపోటు పెరిగిందని, ఆఫీసు కాకుండా వేరే వ్యాపకం ఏదైనా పెట్టుకోమని డాక్టరు చెబితే, సెరంగూన్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ క్లబ్బులో శనివారం బొమ్మల క్లాసులో చేరాను. మొక్కల బొమ్మలు మాత్రమే నేర్పే క్లాసు అది. టీచరు చైనీస్ ఆవిడ. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, మాటలు తక్కువ. మొదటి నెలంతా రంగు ముట్టుకోనివ్వలేదు. ఒక మందార ఆకు ముందు పెట్టి అంచున పళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంది. లెక్కపెట్టి చెబితే మళ్లీ పెట్టమంది. రెండోసారి వేరే లెక్క వచ్చింది. ఆ రోజే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

కొన్నాళ్లకు పాత బొమ్మల నకళ్లు తెచ్చి చూపించడం మొదలుపెట్టింది. తెల్లదొరల కాలంలో ఈ దీవిలో, మలయాలో, మన మద్రాసు వైపు కూడా వేయించిన మొక్కల బొమ్మలు. జాజికాయ పగిలి లోపల ఎర్రటి జాపత్రి కనబడుతుంటే, ఆ ఎరుపు మీద తడి కూడా కనబడుతుంది. ఒక ఆకుకి పురుగు తిన్న చిల్లు ఉంటే, ఆ చిల్లుని కూడా ఉన్నదున్నట్టు వేశారు. వేసినవాళ్లు దొరలు కారు. జీతానికి పెట్టుకున్న చైనీస్, భారతీయ చిత్రకారులు. కాగితం మూలన దొర పేరు ఉంటుంది, చిత్రకారుడిది చాలావాటి మీద ఉండదు. అయినా ఆ గీత చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. నేను దండం పెట్టాను కూడా, పక్కన కూర్చున్నావిడ నవ్వుతున్నా సరే.

కోర్సు చివర ఒక ప్రదర్శన ఉంటుందని, ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చిన మొక్కను ఒక్కొక్కరు ఒకటి ఎంచుకోవాలని టీచరు చెప్పింది. నేను రబ్బరు చెట్టు తీసుకున్నాను. దాని చరిత్ర చదివితే కళ్లు తిరిగాయి. అమెజాన్ అడవి చెట్టు. దొరలు గింజలు ఓడెక్కించి లండన్ తీసుకెళ్లి, అద్దాల ఇళ్లలో మొలకెత్తించి, ఆ మొలకల్ని మళ్లీ ఓడెక్కించి సిలోనుకి, సింగపూరుకి పంపారు. చెట్టును చంపకుండా వరసగా గాటు పెట్టి పాలు తీసే పద్ధతికి మెరుగు పెట్టింది ఇక్కడి తోటలోనే. ఆ తర్వాత సైకిళ్లు, కార్లు వచ్చాయి. వాటికి టైర్లు కావాల్సి వచ్చి మలయా కొండలన్నీ రబ్బరు తోటలైపోయాయి. ఆ తోటల్లో పనికి మద్రాసు నుంచి, విశాఖపట్నం నుంచి, కాకినాడ నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చారు. ఆ చివరి వాక్యం కూడా మిగతా వాక్యాల్లాగే చదివి పేజీ తిప్పేశాను.

టీచరు నాకు ఒక పాత అచ్చు బొమ్మ ఇచ్చింది. రబ్బరు చెట్టు మొదలు, దాని మీద ఏటవాలుగా ఒకదాని కింద ఒకటి గాట్లు, కింద పాలు పట్టే చిప్ప. పక్కన తలపాగా చుట్టుకున్న ఒక మనిషి కత్తితో నిలబడి ఉన్నాడు. నేను చెట్టును చూసి చెట్టు వేశాను. ఆకులకి, కాయకి మాత్రం అసలు నమూనాలు తెచ్చుకున్నాను. మనిషిని వదిలేశాను. మొక్కల బొమ్మలో మనిషికి పనేముంది?

రెండున్నర నెలలు పట్టింది. బెరడు మీద మచ్చ మచ్చకీ రంగు కలిపాను. టీచరు చాలాసేపు చూసి, తలుపుకి ఎదురుగా ఉన్న గోడ ఈ బొమ్మకి అంది. క్లాసులో పన్నెండు మందిమి. తలుపుకి ఎదురుగోడ ఒక్కటే. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లానో ఎగిరి వెళ్లానో నాకు గుర్తు లేదు.

పొగిడించుకోవాలన్న యావతోనే ఆ బొమ్మను ఆంటీ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆంటీ మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద ఉంటుంది. ఒకసారి లిఫ్టులో నేను ఫోన్లో మా ఆయన్ని తెలుగులో కడిగేస్తుంటే, పక్కనున్న ముసలావిడ పకపకా నవ్వింది. అలా పరిచయం. ఆవిడ తాత, నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా వచ్చారట. ఆవిడ పుట్టింది పెరాక్‌లో ఒక రబ్బరు తోటలో, పెళ్లయి సింగపూరు వచ్చింది. ఇప్పటిదాకా ఆంధ్రా మొహం చూడలేదు. మాది తెనాలి అని గొప్పగా చెప్పుకుంటాను గానీ, ఆవిడ నోట్లో ఉన్నంత పాత తెలుగు మా ఊళ్లో కూడా ఎవరి నోటా వినలేదు. దాని మధ్యలో అరవం, మలాయ్ కూడా దొర్లుతుంటాయి.

ఆంటీకి అప్పటికే ఒక కన్ను పోయింది. రెండో కంట్లో కూడా చూపు నడిమి భాగం కరిగిపోతోంది, అంచులు మాత్రం మిగులుతాయని డాక్టరు చెప్పాడట. నెలనెలా కంట్లో ఇంజెక్షను చేయించుకుంటోంది. ఆ సంగతి బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పేది. నేను తెచ్చిన బొమ్మను బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టుకుని పై నుంచి కింది దాకా చూసింది.

“సెట్టు బాగా గీసినావమ్మా. ఆకు సరింగున్నాది. బెరడు సరింగున్నాది. గానీ ఈ గాటు ఎవుడు కోసినాడు?”

“అంటే ఏంటి ఆంటీ?”

“తిరగేసి కోసీసినాడు. ఇలగ కోస్తే సెట్టు సరీగ పాలియ్యదు.”

నాకు చర్రుమంది. “ఇది దొరల కాలం నాటి బొమ్మ చూసి వేశాను ఆంటీ. ఇంతైనా తేడా రాకుండా కొలిచి మరీ వేశాను.”

“దొర సూసినాడమ్మా, కోయనేదు కదా. కోసినోళ్లం మేం.” భూతద్దం పక్కన పెట్టి, గాల్లో వేలితో గీసి చూపించింది. “సెట్టుకి ఎదర నిలబడితే, గాటు ఎడం పక్కన మీదుండాల, కుడి పక్కకి దిగాల. సెట్టులో పాల నరాలు నిట్టనిలువుగా ఉండవు. కుడి పక్కకి ఒరిగి మీదకెక్కుతాయి. ఇలగ కోస్తేనే ఎక్కువ నరాలు తెగుతాయి. నీ బొమ్మలో కుడి పక్కన మీదుంది, ఎడం పక్కకి దిగింది. మాయమ్మ సూస్తే నెత్తి మీద మొట్టికాయ ఎట్టును.”

కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను. ఆంటీ చెప్పింది తప్పని రుజువు చేసేదాకా నిద్ర పట్టదనిపించింది. అచ్చు బొమ్మ ఫొటోని లాప్‌టాప్‌లో తెరిచి పెద్దది చేశాను. గాట్లు అందులో కూడా నేను వేసినట్టే ఉన్నాయి. గెలిచాననుకున్నాను. అప్పుడు, అన్ని నెలల్లో మొదటిసారి, ఆ పక్కనున్న మనిషిని చూశాను. కత్తి అతని ఎడమ చేతిలో ఉంది.

ఎడమచేతి వాటం మనిషేమోలే అని సర్దిచెప్పుకున్నాను. కానీ టెస్టర్ బుర్ర ఊరుకోదు. బొమ్మను కంప్యూటర్లో అద్దంలో చూసినట్టు తిరగేశాను. కత్తి కుడి చేతిలోకి వచ్చింది. గాటు ఎడమ పక్క పైనుంచి కుడి పక్క కిందికి దిగింది. ఆంటీ గాల్లో గీసిన గీతే.

శనివారం టీచరుకి చూపిస్తే ఆవిడ నుదురు కొట్టుకుంది. ఆ రోజుల్లో అచ్చు కోసం బొమ్మను రాతి మీద గీసేవాళ్లట. రాతి మీద సరిగ్గా గీస్తే కాగితం మీద తిరగబడుతుంది. అందుకని రాతి మీదే తిరగేసి గీయాలి. ఎవరో మరిచిపోయి ఉంటారు. ఆకులకి కుడి ఎడమల తేడా పెద్దగా తెలియదు. చిప్పకి అసలే లేదు. ఆ బొమ్మ తిరగబడిందని చెప్పగలిగినవాడు అందులో ఒక్కడే, ఆ కత్తి పట్టుకున్న మనిషి. అతన్ని నేను పనికిరాడని తీసేశాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న టెస్టర్‌ని, ఉన్న ఒక్క ఆధారాన్నీ నా చేత్తో చెరిపేసుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

“అమ్మా, నోబడీ విల్ నోటీస్ లా. జస్ట్ హ్యాంగ్ ఇట్,” అంది మా అమ్మాయి, ఫోన్లోంచి తల ఎత్తకుండా, సింగపూరు ఇంగ్లీషులో.

“చూసినావిడ చూసేసింది కదే,” అన్నాను.

ఆంటీ దగ్గరికి వెళ్లి, మీరు చెప్పిందే నిజం అన్నాను. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు లిఫ్టు రెండుసార్లు ఎక్కి దిగాల్సి వచ్చింది. ఆవిడ ఏం విజయగర్వం చూపించలేదు. “నన్ను ఓపాలి సెట్టు కాడికి తీసికెల్తావేటి?” అని అడిగింది.

ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, అడవి అంచున నడకదారి ఉన్న చోట దిగాం. ఒకప్పుడు అదంతా తోటే. వదిలేశాక అడవి మళ్లీ పెరిగింది. దాని మధ్యలో ముసలి రబ్బరు చెట్లు అక్కడక్కడా మిగిలాయి. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. నేల మీద రాలిన మూడేసి ఆకుల రెమ్మను కాలితోనే పోల్చుకుని ఆగింది. చెట్టు బెరడంతా రెండు చేతులతో తడిమింది. ఒకచోట ఆగి నా వేళ్లు పట్టుకుని అక్కడ పెట్టింది. కంటికి దాదాపు ఆనవాలు లేదు గానీ, వేలికి తగిలింది, ఏటవాలుగా ఒక సన్నటి గట్టు. ఎడమ నుంచి కుడికి దిగుతోంది.

ఆ తర్వాత ఆంటీ చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. చేతిసంచి నాకిచ్చి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, చెట్టు ముందు నిలబడింది. చేతిలో కత్తి లేదు. పిడికిలి మాత్రం కత్తి పట్టుకున్నట్టే బిగిసింది. నడుము కొంచెం వంచి, అడుగు పక్కకి వేస్తూ, మణికట్టుతో చిన్న చిన్నగా లాగుతూ చెట్టు చుట్టూ సగం తిరిగింది. నడవడానికి నా చెయ్యి కావాల్సిన మనిషి, ఆ అరనిమిషం దేన్నీ పట్టుకోలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్లూ ఆకు పళ్లు లెక్కపెట్టడమే నేర్పు అనుకున్నాను.

“కాయితమంత పల్చగా తియ్యాల బెరడుని,” అంది ఊపిరి తీసుకుంటూ. “కొద్దిగా లోతుకెల్తే లోపల కట్టె తగిలీస్తాది. సెట్టుకి గాయమైపోతాది, బుడిపెలొస్తాయి. పైపైనే కోస్తే పాలు రావు. ఆ మధ్యన వెంట్రుకంత జాగా. తెల్లారకుండానే నుదుటికి దీపం కట్టుకుని పోయీవోళ్లం. దినానికి నాలుగొందల సెట్లు కోసేది మాయమ్మ. ఒక్క సెట్టుకి గాయం చెయ్యనేదు. గాటు కోసిందా, ఎంటనే కింద మంగు ఎట్టీడమే. మంగంటే పాల చిప్ప. సుక్క నేల మీద పడకూడదు.”

“మీ అమ్మగారి ఫొటో ఉందా ఆంటీ?”

“మాకెవుడు తీస్తాడమ్మా ఫొటో? దొర కెమెరా ఎట్టుకుని తిరిగీవోడు. సెట్లని తీసినాడు, బంగళా తీసినాడు, కుక్కని తీసినాడు.” ఆ మాటలో కోపం కూడా లేదు. “మాయమ్మ మొకం నాకు ఇప్పుడు సరీగ గురుతు రాదు. సెయ్యి గురుతుంది. నాది మాయమ్మ సెయ్యే అనీవోరు అందరూ.”

ఆంటీ తిరుగు బస్సు దిగే ముందు అడిగింది. “ఆ బొమ్మ మళ్లా గీస్తావు కదా. అందులో మాయమ్మ సెయ్యి ఎట్టమ్మా. సెట్టు దానంతటది పాలియ్యదు కదా. నా కన్ను, మలాయోళ్లు అన్నట్టు సుదా, అయిపోయేటట్టున్నాది. ఓపాలి సూసుకుంటాను.”

టీచరుని అడిగాను. చేతులు కుదరవు అంది. ఈ ప్రదర్శనకి మొక్క మాత్రమే, మనిషి ఉంటే అది వేరే రకం బొమ్మ అవుతుంది. గాటు సరిచేసి చెట్టు ఒక్కటే వేసి ఇస్తే, తలుపుకి ఎదురుగోడ నీదే అంది. ఐదు వారాల గడువు. ఆఫీసు చేసుకుంటూ ఐదు వారాల్లో నేను ఒక్క బొమ్మ వేయగలను. రెండు వేయలేను.

వెంటనే గోడను వదులుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. మూడు రోజులు కొట్టుమిట్టాడాను. ముందు గోడకి వేసి, తర్వాత తీరిగ్గా ఆంటీకి వేద్దామని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నాలుగో రోజు లిఫ్టులో ఆంటీ కనిపించి, ఆస్పత్రి నుంచే వస్తున్నానంది. ఇక ఇంజెక్షన్లతో లాభం లేదని చెప్పారట. తన అంతస్తు మీట నొక్కబోయి మా అంతస్తుది నొక్కింది. నేను ఆవిడ అంతస్తు నొక్కాను. ఆ సాయంత్రమే టీచరుకి మెసేజి పెట్టాను, నా గోడ ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని. పెట్టాక ఏడుపొచ్చింది. ఆ గోడ నాకు నిజంగానే కావాలి.

ఆ ఐదు వారాలూ ఆఫీసు నుంచి నేరుగా ఆంటీ ఇంటికే. భోజనాల బల్ల దగ్గర ఆవిడ అట్లకాడ పట్టుకుని కూర్చునేది. కత్తి బదులు అదే. నేను చెయ్యి చూసి గీసేదాన్ని. అట్లకాడని కత్తిగా మార్చడానికి కత్తి మొన ఎలా వంగి ఉంటుందో కాగితం మడిచి చూపించింది. ఎక్కువసేపు పట్టుకుంటే చెయ్యి వణికేది. అప్పుడు మకాన్, అంటే మలాయ్‌లో తిందాం అని లేచి, నాకు ఇంత అన్నం పెట్టేది. గీత నచ్చకపోతే మొహమాటపడకుండా చెప్పేది. బొటనవేలు పైకి జరపమంది. పట్టు అంత బిగువుగా ఉండదంది. నాకు అప్పుడప్పుడూ పాత కోపం రాకపోలేదు. వచ్చినా గీత చెరిపి మళ్లీ గీశాను, ఎందుకంటే ప్రతిసారీ ఆవిడే రైటు.

“ముడతలు తీసీయమ్మా,” అంది ఒకరోజు. “మాయమ్మకి అప్పుడికి నలభై కూడా నేవు.”

అది అన్నిటికన్నా కష్టమైంది. కళ్ల ముందున్న ముసలి చేతి ఎముకల మీద, నేనెప్పుడూ చూడని చేతి చర్మం పరచాలి. టీచరు నేర్పిన పద్ధతికి పూర్తిగా విరుద్ధం. ఆంటీ చెబుతూ ఉంటే వేశాను. గోళ్ల సందుల్లో ఎండిన పాలు నల్లబడి ఉండేవట. చూపుడువేలు పక్కన కత్తి పిడి ఒరుసుకుని కాయ కాసి ఉండేదట. కాగితం నిండా చెయ్యి, కత్తి, బెరడు, అప్పుడే తెగిన గాటు వెంట జారుతున్న తెల్లటి పాలు. అంతే వేశాను. ఆకులు, కాయలు ఏవీ లేవు.

ప్రదర్శన రోజు తలుపుకి ఎదురుగోడ మీద ఇంకొకావిడ వేసిన జాజికాయ ఉంది. చాలా బాగుంది. బాగుందని చెప్పాను కూడా, మనసు చివుక్కుమంటున్నా. అందరూ వెళ్లాక టీచరుకి నా బొమ్మ విప్పి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని చూసి, దీన్ని ఇక్కడ పెట్టుకోకు, ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యి అంది. ఆవిడ నోటి నుంచి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

అట్నుంచి అటే ఆంటీ ఇంటికి వెళ్లాను. ఆఖరి రెండు వారాల్లో చూపు బాగా తగ్గిందని తెలుసు. భూతద్దం ఇక పనికిరావడం లేదని పక్కన పెట్టేసింది. ఎలా కనిపిస్తోందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. బొమ్మను గోడకి ఆనించి బల్ల మీద నిలబెట్టి, ఆంటీని కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆవిడ ఒక్క క్షణం బొమ్మ వైపు చూసి, మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

చెయ్యి సరిగ్గా రాలేదనుకున్నాను. “ఆంటీ, బొటనవేలు కాస్త తేడాగా ఉంటే మళ్లీ వేస్తాను, రంగు కూడా...” అని ఏదో గొణుగుతున్నాను.

“ఉండమ్మా. నేరుగా సూస్తే అవుపించదు. నడిమి అంతా మసకే. ఇలగ తిరిగితేనే అంచులోకి వస్తాది.”

కిటికీ వైపు తిరిగి, కదలకుండా, కంటి చివర నుంచి చూస్తూ కూర్చుంది. కింద రోడ్డు మీద బస్సులు ఆగి వెళ్తున్నాయి. నేను నిలబడే ఉన్నాను. ఎంతసేపటికో ఆవిడ ఒళ్లో ఉన్న కుడి చెయ్యి మెల్లగా బిగిసి, మణికట్టు దగ్గర చిన్నగా కదిలింది.

“అమ్మా,” అంది. నన్ను కాదు.

ఇంకాసేపు చూసి, ఉన్నట్టుండి కంగారుపడింది. “మంగు ఏదీ? మంగు ఎట్టనేదేటి నువ్వు? పాలు కారిపోతన్నాయి, నేల పాలైపోతాయి.”

నిజమే. చెయ్యి పెద్దదిగా రావాలని కాగితం కింది భాగం ఖాళీగా వదిలేశాను. చిప్ప సంగతే నాకు తట్టలేదు. సంచిలోంచి పెన్సిలు తీసి, బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, జారుతున్న పాల ధార కింద చిప్ప గియ్యడం మొదలుపెట్టాను. ఆంటీ కిటికీ వైపే తిరిగి, “ఇంకొంచెం ఎడంగా, ఇంకొంచెం కిందకి, బేగి ఎట్టమ్మా,” అని నన్ను తొందరపెడుతోంది.